డై మీద జింకు చార

జనగామ,
12 మే 2024

చిరంజీవి యుగేందర్‌కు అన్న దీవెనలు.

ఈ రోజు పని: పంపుసెట్ల స్టార్టర్ డబ్బాలు నాలుగు, కూలర్ బాడీ ఒకటి. ఎండకు షెడ్డులో రేకు ముట్టుకోలేకపోతున్నాం. మన పనివాడు వాల్యా తడిగుడ్డ చుట్టి పట్టుకుంటున్నాడు.

నువ్వు ఫోన్ చేశావని మీ వదిన చెప్పింది. ఏమన్నావో నాకు అందలేదు. రేకు మీద సుత్తి దెబ్బలు నా చెవుల్ని ఎప్పుడో తిన్నాయి. ఫోన్‌లో నీ గొంతు డబ్బాలో పడ్డ తుమ్మెదలా ఉంటుంది. మడతల నమూనాలు ఆర్టీసీ కార్గోలో పంపుకుంటూనే ఉన్నాం కదా, వాటి వెంట ఉత్తరం పెట్టు. చదువుకుంటాను.

భుజం చూపించుకున్నాను. "పెద్దాయినా, గీ చెయ్యితోని లీవర్ గుంజుడు ఇగ బంద్ చెయ్యాలె" అని డాక్టరు నా చెవి దగ్గర అరిచాడు. దవాఖానలో ఉన్నవాళ్లందరికీ నా భుజం సంగతి తెలిసింది.

నాయిన కొన్న చేతి మిషన్‌తో ఇక లాగలేను. ఇద్దరం కలిసి కరెంటు బెండింగ్ మిషన్ కొందామని అమ్మ చనిపోయిన ఏడు అనుకున్నాం. ఇప్పుడు కొందాం. డీలర్లతో మాట్లాడటం నా వల్ల కాదు, అది నువ్వు చెయ్యి. ఏం కావాలో నేను రాస్తాను.

యాక్సిస్‌లు ఎన్ని అని వాళ్లు ఊదరగొడతారని విన్నాను. నాకు తోచింది ఇది. మడత పెట్టేటప్పుడు మన చెయ్యి ఎక్కడెక్కడ సర్దుతుందో చూడు. రేకు అంచు వెనక ఆనే పట్టీని ముందుకూ వెనక్కీ జరుపుతాం. ఒక అంచు ముందే మడిచి ఉంటే పట్టీని పైకి లేపుతాం. ఎడమ వైపు మడత తక్కువ దిగితే ఆ వైపు బిగిస్తాం. ఒక్కో సర్దుబాటుకు మిషన్‌లో ఒక్కో యాక్సిస్ ఉంటుంది. మన చెయ్యి రోజూ చేసే సర్దుబాటు ఉండాలి. ఏడాదికోసారి చేసేది లేకపోయినా నడుస్తుంది.

మరదలు సౌందర్యను అడిగానని చెప్పు.

మీ అన్న
ముత్తయ్య

*

భూపాలపల్లి,
21 మే 2024

అన్నకు దండాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సౌందర్య కూడా చదివింది. "మీ అన్న నోరు తెరిస్తె నాలుగు మాటలు రావు, కాయితం మీద మంచిగనే మాట్లాడుతడు" అంది.

హైదరాబాదు పోయి ముగ్గురు డీలర్లను చూసి వచ్చాను. వాళ్ల భాష నీకు విడదీసి రాస్తాను. రేకును కింది డై గాడిలోకి నొక్కుతూ పైనుంచి పంచ్ దిగుతుంది. దాన్ని రెండు కొసల్లో రెండు సిలిండర్లు దింపుతాయి. అవి వై-వన్, వై-టూ. వెనక ఆనే పట్టీ ముందుకూ వెనక్కీ పోవడం ఎక్స్. పైకీ కిందికీ పోవడం ఆర్. ఆ పట్టీ మీది రెండు వేళ్లు కుడికీ ఎడమకూ వాటంతట అవే జరిగితే జెడ్-వన్, జెడ్-టూ. కింది బల్ల నడుమును పైకి నొక్కి ఉంచేది వి.

ఒక డీలరు దగ్గర కుర్రాడు "ఎన్ని యాక్సిస్‌లుంటే అంత మంచిది సార్" అని ఒకటే పాట. ఇంటికొచ్చి చెబితే సౌందర్య "గవి యాక్సిస్‌లా, బిర్యానీల ముక్కలా?" అంది.

నువ్వు నాకు రాయాల్సినవి: ఎంత మందం, ఎంత పొడవు, ఎంత లోతు డబ్బా. నాకు ఇక్కడ గని కాంట్రాక్టర్ల పని. బొగ్గు జారే తొట్లు, ఆరు ఎంఎం నల్ల రేకు. నీ జింకు పూత రేకు జోలికి నేను పోను, అది నీ రాజ్యం. రెండూ మడిచే మిషన్ ఎంత బలం ఉండాలి?

ఇంకొకటి. మిషన్ ఎక్కడ పెడితే బాగుంటుంది? మా దగ్గర కరెంటు పోదు, లారీ సీదా షెడ్డులోకి వస్తుంది. నీకు వేరే ఆలోచన ఉంటే రాయి.

నీ తమ్ముడు
యుగేందర్

*

జనగామ,
2 జూన్ 2024

చిరంజీవి యుగేందర్‌కు దీవెనలు.

ఈ రోజు పని: డబ్బాలు మూడు. మొగులు పట్టింది, వాన పడలేదు.

నీ తొట్టికీ నా డబ్బాకూ ఒకే గాడి పనికిరాదు. కింది డైలో గాడి వెడల్పు రేకు మందానికి ఎనిమిదింతలు పెట్టుకోవాలి. రేకు రెట్టింపు మందమైతే గాడీ రెట్టింపు చేస్తాం, అయినా బలం రెట్టింపు కావాలి. గాడి మార్చకుండా పాతదాన్లోనే మడిస్తే నాలుగింతలు కావాలి. ఆరు ఎంఎం నువ్వు ఆరడుగుల కన్నా పొడవు మడవనంటే వంద టన్నులు చాలు. పదడుగుల మిషన్ చూడు.

నా డబ్బాలు లోతువి. మూడు వైపులా మడిచాక నాలుగో వైపు మడిచేటప్పుడు, లేచిన అంచు పంచ్‌కు తగులుతుంది. అందుకని హంసమెడలా వంగిన పంచ్ కావాలి. పంచ్‌కూ డైకీ నడుమ ఖాళీ ఎక్కువ ఉండాలి. ఇది డీలరు తనంతట తాను చెప్పడు. యాక్సిస్‌లు లెక్కపెట్టినంతసేపు ఇది అడుగు.

వై రెండూ, ఎక్స్, ఆర్, వి. ఇవి ఉంటే చాలు. జెడ్ లేకపోతే వేళ్లు చేత్తో జరుపుకుంటాం. వి మాత్రం వదలకు. పొడవు తలుపు మడిచేటప్పుడు బల్ల నడుము కిందికి వంగుతుంది. కొసలు మూసుకుంటాయి, మధ్య విచ్చుకుంటుంది. దాన్ని ఆపేది అదొక్కటే.

స్థలం సంగతి నేను చూసుకుంటున్నాను.

చెల్లె వసంత మానుకోట నుంచి మామిడికాయలు పంపింది. నీ వాటా కార్గోలో వస్తుంది. పచ్చివి పైన ఉన్నాయి, అవి నాకు పెట్టినవి, పొరపాటున నీ సంచిలో వేసింది మీ వదిన. తినెయ్యి.

మీ అన్న
ముత్తయ్య

*

భూపాలపల్లి,
9 జులై 2024

అన్నకు దండాలు.

మామిడికాయలు అందాయి. నీవీ తినేశాం.

డీలరు పునాది కొలతలు పంపాడు, నకలు ఇందులో పెట్టాను. సిమెంటు దిమ్మె, బోల్టులకు గుంతలు, అంతా వివరంగా ఉంది. నీ అనుభవంతో ఒకసారి చూసి, తప్పుంటే రాయి.

ఒక సందేహం. వంద టన్నుల మిషన్లలో ఒకదానికి వి ఉంది, జెడ్ లేదు. ఇంకోదానికి జెడ్-వన్, జెడ్-టూ ఉన్నాయి, వి లేదు. నా తొట్టి పలక ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నం. ఒక్కో మడతకూ వేళ్లు జరపాల్సిందే. మా కుర్రాళ్లు చేత్తో జరపడానికి వంగి వంగి తిట్టుకుంటారు. నీకు ఏది మంచిదనిపిస్తుంది?

ఇక్కడ ముసురు. గని పని నెమ్మదించింది.

నీ తమ్ముడు
యుగేందర్

*

జనగామ,
18 జులై 2024

చిరంజీవి యుగేందర్‌కు దీవెనలు.

ఈ రోజు పని: దిమ్మె పోశాం.

నువ్వు పంపిన కొలతల్లో తప్పేమీ లేదు. బోల్టు గుంతలు మాత్రం ఒక వేలు వెడల్పు చేయించాను, దింపేటప్పుడు సర్దుకోవడానికి. చోటు చాలక నాయిన మిషన్ అమ్మేశాను. పాత ఇనుము వాడు వచ్చి విప్పుతుంటే వాల్యా బయటికి పోయి బీడీ కాల్చుకున్నాడు. నాకూ కష్టంగానే ఉంది. కానీ రెండు మిషన్లకు షెడ్డు సరిపోదు.

నీ సందేహానికి జవాబు: విచ్చుకున్న మడతను ఎన్ని వేళ్లు జరిగినా మూయలేవు. వి ఉన్నదే తీసుకో.

మిషన్ వచ్చేదాకా చిన్న మడతలు బల్ల మీద సుత్తితో కొడుతున్నాం. వాల్యా కొడతాడు, నేను పట్టుకుంటాను. యాసంగి పంటకు రఘునాథపల్లి బిక్షపతి డబ్బాలు అడుగుతాడు. పంపుసెట్ల దుకాణం ఆయనది, మన దగ్గర ఏడాదిలో పెద్ద పని అదే. అప్పటికి మిషన్ రావాలి.

మీ అన్న
ముత్తయ్య

*

భూపాలపల్లి,
24 సెప్టెంబరు 2024

అన్నకు దండాలు.

మిషన్ వచ్చింది. ఇక్కడే దించాం. అన్నా, ఇది చూస్తే నీకు కన్నీళ్లొస్తాయి. తెల్లగా, ఊరేగింపు రథంలా ఉంది. తెర మీద డబ్బా బొమ్మ కనిపిస్తుంది, ఏ మడత ముందో అదే చెబుతుంది.

ఇక్కడ ఎందుకు దించారంటావేమో. క్రేను దొరికింది, కరెంటు ఉంది, లోను కాగితాల మీద మా షెడ్డు పేరే ఉంది. జెడ్ ఉన్నదే తీసుకున్నాను. వి ఉన్నదానికి నాలుగు నెలలు ఆగాలన్నారు.

కొత్త పనిముట్టుకు మొదటి మడత ఇంటి పెద్దవాడు పెట్టాలని నాయిన చెప్పిన మాట నేను మరువలేదు. దసరా నాడు రా. వాల్యాను కూడా తీసుకురా. నీ చెయ్యి పడేదాకా ఆ మిషన్ మీద ఒక్క రేకు మడవను.

నీ తమ్ముడు
యుగేందర్

*

జనగామ,
1 అక్టోబరు 2024

యుగేందర్‌కు దీవెనలు.

ఈ రోజు పని: లేదు.

ఉత్తరం మీ వదిన చదివి పక్కన పెట్టింది. నేను చదివి పక్కన పెట్టాను.

దిమ్మె గట్టిపడింది. పక్కింటివాళ్లు దాని మీద మక్కలు ఆరబోసుకుంటామంటే సరేనన్నాను.

వేరే దారి ఒకటి ఆలోచించాను. రేకు ఇక్కడ కత్తిరించి నీకు పంపుతాను. నువ్వు మడిచి పంపు. అతుకులు, రంగు ఇక్కడ చేసుకుంటాం. బిక్షపతి ఇంకా రాలేదు. ఈ పాటికి రావాలి. వస్తే కొలతలు పంపుతాను.

నువ్వు నాయిన మాట గుర్తుపెట్టుకున్నావు. అందుకే వస్తున్నాను.

అన్న
ముత్తయ్య

*

భూపాలపల్లి,
13 అక్టోబరు 2024

అన్నకు దండాలు.

నిన్న నువ్వు వచ్చి వెళ్లాక ఇల్లు నిండుగా ఉంది. నువ్వు మడిచిన పలకను గోడకు తగిలించాను. "అన్న మొఖంల సంతోషం కనవడ్డదా?" అని సౌందర్యను అడిగితే, "ఆయన మొఖంల ఏం కనవడుతది, గోడకు సున్నమేసినట్టుంటది" అంది. ఒక్క మాట అనకుండా కడుపునిండా తిని వెళ్లావు. నా గుండె మీది బరువు దిగింది. వసంతక్క మానుకోట నుంచి ఫోన్ చేసి "అన్న ఏమన్నడురా?" అని అడిగింది. ఏమనలేదక్కా, సంతోషంగనే ఉన్నడు అన్నాను.

రేకు పంపుతానన్నావు కదా, నిదానంగా చూద్దాం.

నీ తమ్ముడు
యుగేందర్

*

జనగామ,
13 అక్టోబరు 2024

యుగేందర్,

నీ ఇంట్లో నేను ఏమీ అనలేదు. పండుగ పూట, సౌందర్య విస్తరి వేసి వడ్డించాక, అనడం పద్ధతి కాదు. ఇక్కడ అంటున్నాను.

కొబ్బరికాయ కొట్టావు. మిషన్‌కు బొట్టు పెట్టావు. "అన్నా, నీ చెయ్యి పెట్టు, నీదే మొదటి మడత" అని నా చెవిలో అరిచావు. మీ కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. పెడల్ తొక్కే ముందు నేను డై గాడి అంచు మీద వేలు రాశాను. అది అలవాటు. దుమ్ము ఉంటే మడత మీద గీత పడుతుంది.

వేలికి తెల్లటి పొడి అంటింది.

నల్ల రేకు మడిస్తే డై నల్లబడుతుంది. జింకు పూత రేకు మడిస్తేనే తెల్లగా చార పడుతుంది. ఒకటి రెండు రేకులకు పడేది కాదు అది, గాడికి రెండు అంచుల మీదా గట్టిగా పట్టుకుని ఉంది. మిషన్ మధ్యలో మూరెడు పొడవు. ఆ మూరెడు ఏ డబ్బాదో నాకు వేరే చెప్పాలా? దాన్ని నేను పాతికేళ్లుగా మడుస్తున్నాను.

అయినా పెడల్ తొక్కాను. పలక మడిచాను. నువ్వు దాన్ని అందరికీ ఎత్తి చూపించావు.

చేతులు కడుక్కోవడానికి వెనక్కి పోయినప్పుడు వాల్యా అక్కడ సరుకు మీద కప్పిన తాటిపత్రి లేపి చూశాడు. డబ్బాలు గుట్టగా ఉన్నాయి. బిక్షపతి దుకాణం పేరు రంగుతో అచ్చు వేసి ఉంది. నన్ను చెయ్యి పట్టి తీసుకుపోయి చూపించాడు.

బస్సులో హన్మకొండ దాకా నేను మాట్లాడలేదు. "అన్నా, జర ఏమన్నా అనే. గాయిన్ని తిట్టు. లేకుంటె నన్నన్నా తిట్టు. గిట్ల కూసుంటె నాకు పరేషానైతాంది" అని వాల్యా నా చెవి దగ్గర అన్నాడు. వాడు ఏడుస్తున్నాడని తర్వాత చూశాను.

మిషన్ నీ దగ్గర దించావు. అది మింగాను. వి వద్దని నీ తొట్టికి పనికొచ్చేది కొన్నావు. అదీ మింగాను. బిక్షపతి పని తీసుకున్నావు. అది కూడా, మొహం మీద చెప్పి ఉంటే, ఏదో ఒకటి అనుకునేవాణ్ణి. అబద్ధం ఆడాలనుకుంటే ఉత్తరంలో ఆడు. నాయిన మాట అడ్డం పెట్టి, నా చేత్తో ఆడించావు.

ముత్తయ్య

*

భూపాలపల్లి,
23 అక్టోబరు 2024

అన్నకు,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు షెడ్డు తెరవలేదు. నేను దొంగను కాను. జరిగింది రాస్తాను.

బిక్షపతి దగ్గరికి నేను పోలేదు. సెప్టెంబరు మొదట్లో ఆయనే వచ్చాడు. "మీ అన్న మిషన్ పాత ఇనుపోనికి అమ్మిండట, భుజం గూడ పోయిందట. షాపు బంద్ వెట్టినట్టేనాయె?" అన్నాడు. నేనూ అంతే అనుకున్నాను అన్నా. నాయిన మిషన్ అమ్మినవాడు ఇక పని చేస్తాడని ఎవరనుకుంటారు? దిమ్మె పోశామని రాశావు. ఎవరికని పోశావో నాకు సరిగ్గా అర్థం కాలేదు. అడుగుదామనుకుని అడగలేదు. బిక్షపతికి అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఆయనకు తొందర. మిషన్ అప్పటికే దిగి ఉంది, నీకు ఆలస్యంగా రాశాను. సెప్టెంబరు నెలంతా మడిచాం.

నీకు చెప్పమని వసంతక్క మొత్తుకుంది. దసరా అయ్యాక చెబుదామనుకున్నాను. నువ్వు వచ్చి చెయ్యి పెడితే ఆశీర్వాదం ఉంటుందని, ఆ తర్వాత నువ్వే కోప్పడి ఊరుకుంటావని అనుకున్నాను.

కానీ అన్నా, నువ్వు ఎప్పుడు నోరు తెరిచావు? మిషన్ ఎక్కడ పెడదామని మేలోనే అడిగాను. దానికి తప్ప అన్నిటికీ జవాబు రాశావు. స్థలం సంగతి చూసుకుంటున్నానన్నావు. షెడ్డు ఖాళీ చేస్తున్నావేమో అనుకున్నాను. నువ్వు ఊరుకుంటే సరేనన్నట్టే కదా, చిన్నప్పటి నుంచీ ఇంట్లో అంతే కదా.

ఇప్పుడు ఒక ఆపద వచ్చింది. కరెంటు ప్యానళ్ల కంపెనీ ఒకటి ఎనిమిదడుగుల తలుపులు అడిగింది. నాలుగు చేశాం. నాలుగూ మధ్యలో విచ్చుకున్నాయి. కొసల్లో మూలమట్టం సరిగ్గా ఆనుతుంది, నడుమ వేలు దూరేంత సందు. తెరలో ఏ అంకె మార్చినా కొసలు ఇంకా మూసుకుంటున్నాయి తప్ప మధ్య కదలడం లేదు. డీలరు మనిషి వచ్చి "వి ఉన్న మిషన్ కొనాల్సింది సార్" అని చెప్పి టీ తాగి పోయాడు. ఈ నెలాఖరుకు తలుపులు ఇవ్వకపోతే పని పోతుంది, లోను కట్టలేను.

నాయిన చేతి మిషన్‌కు వి లేదు కదా. దాని మీద నాయినా నువ్వూ బీరువా తలుపులు తిన్నగా ఎట్లా మడిచేవాళ్లు? నేను చిన్నవాణ్ణి, చూడలేదు. రాయి. లేదా నువ్వే రా. ఇక్కడే ఉండు. తెర ముందు కుర్చీ వేసుకుని కూర్చో, మా కుర్రాళ్లు నువ్వు చెప్పినట్టు చేస్తారు. వాల్యాకు కూడా పని ఇస్తాను.

కోపం తర్వాత పడు అన్నా. ముందు ఇది చెప్పు.

నీ తమ్ముడు
యుగేందర్

*

జనగామ,
30 అక్టోబరు 2024

యుగేందర్‌కు,

ఈ రోజు పని: పాత కూలర్ ఒకటి అడుగు మార్చాం. బడి కిటికీకి రెక్క ఒకటి.

మొన్న రఘునాథపల్లి పోయి బిక్షపతిని కలిశాను. షాపు తెరిచే ఉందని చెప్పాను. "గట్లనా అన్నా? మరి మీ తమ్ముడు గా ముచ్చటే తియ్యలేదే" అని కుర్చీ తుడిచి వేశాడు. మంచి మనిషి. ఈ యాసంగికి తన పని అయిపోయిందని, వచ్చే వానాకాలానికి చూద్దామని అన్నాడు. టీ తాగి వచ్చాను.

నీ ఉత్తరంలో ఒక మాట నిజం. మేలో నువ్వు అడిగినదానికి నేను జవాబు రాయలేదు. నాయిన షెడ్డు ఉండగా మిషన్ ఎక్కడ పెట్టాలనేది అడగాల్సిన ప్రశ్నలా నాకు కనబడలేదు. అది నా పొరపాటు. దానికి నేను దిమ్మెను చూసుకుంటూ ఉంటాను. జింకు చార మాత్రం నా పొరపాటు కాదు.

వాల్యాను అడిగాను, యుగేందర్ పని ఇస్తానంటున్నాడు, పోతావా అని. "గాడ ఏ డబ్బా మడిచినా నాకు గా తాటిపత్రే యాదికొస్తదన్నా" అన్నాడు. ఉన్నాడు.

వాణ్ణి వెంటబెట్టుకుని హైదరాబాదు పోయాను. డీలరు చెప్పేది వాడు విని, బోర్డు మీద రాసి చూపించాడు. నాలుగడుగుల చిన్న మిషన్ ఒకటి చూశాం, పాతది. రెండు కొసలూ విడివిడిగా దిగుతాయి, వెనక పట్టీ ముందుకూ వెనక్కీ, పైకీ కిందికీ పోతుంది. పొట్టి బల్లకు నడుము వంగే బాధ లేదు, కాబట్టి వి అక్కర్లేదు. నా డబ్బాలకు అది చాలు. పెద్ద తలుపులు ఇక చెయ్యను. సంక్రాంతి దాటాక తెస్తాం. పిలుపులు, బొట్లు ఏమీ పెట్టుకోవడం లేదు. వాల్యా మడిచి చూస్తాడు, సరిగ్గా వస్తే పని మొదలుపెడతాం.

నీ తలుపుల సంగతి. నాయినా నేనూ ఆ చేతి మిషన్ మీద బీరువా తలుపులు తిన్నగానే మడిచేవాళ్లం. దానికి వేరే మిషన్ కొనక్కర్లేదు. నీ దగ్గర ఉన్నదానితోనే అవుతుంది. పూట పని.

మే నుంచి నువ్వు అడిగిన ప్రతి కొలతకూ రాశాను. గాడి వెడల్పు రాశాను, బలం రాశాను, పంచ్ మెడ రాశాను. నా కొలతలతో మిషన్ ఎంచుకున్నావు, నా పని దాని మీద మడిచావు. ఇప్పుడు అడిగింది కూడా నాకు తెలుసు.

ఒకసారి నేను ఊరుకుంటే సరేనన్నట్టు తీసుకున్నావు. ఈసారి అట్లా తీసుకోకూడదని కాగితం మీద పెడుతున్నాను.

చెప్పను.

ముత్తయ్య